హితబోధ, దుర్బోధ, కల్ట్: క్రైస్తవ సంప్రదాయంలో విచక్షణ ప్రమాణాలు

విషయ క్రమం

1. లక్ష్యాలు
2. పరిచయం
3. పదాల స్పష్టత
4. ఆదిమ సంఘం: సమస్య, మూడు ఆధారాలు
5. నైసియా నుంచి చాల్సెడన్ వరకు
6. నేటి సిద్ధాంత ప్రమాణాలు
7. రెండో కొలత: నడవడి
8. తీర్పులు హద్దు మీరినప్పుడు
9. ఒక బృందాన్ని అధ్యయనం చేసే పద్ధతి
10. సారాంశం
11. కీలక పదాలు
12. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
- హితబోధ, దుర్బోధ, సంఘ శాఖ, కల్ట్ అనే పదాల మధ్య తేడాను వివరించగలుగుతారు.
- ఆదిమ క్రైస్తవ సంఘం తన విశ్వాసానికి హద్దులు ఎలా ఏర్పరచుకున్నదో చెప్పగలుగుతారు.
- ఒక బృందం బోధను పరిశీలించడం, దాని నడవడిని పరిశీలించడం వేర్వేరు పనులని ఉదాహరణలతో నిరూపించగలుగుతారు.
- ఒక మత బృందాన్ని న్యాయంగా అధ్యయనం చేసే పద్ధతిని అనుసరించగలుగుతారు.

2. పరిచయం

మన తెలుగు ప్రాంతంలోని ఒక మోస్తరు పట్టణాన్ని ఊహించుకోండి. అక్కడ సి.ఎస్.ఐ. చర్చి ఉంటుంది, లూథరన్ లేదా బాప్టిస్టు చర్చి ఉంటుంది, కథోలిక దేవాలయం ఉంటుంది, పెంతెకొస్తు సంఘం ఉంటుంది, ఏ శాఖకూ చెందని స్వతంత్ర ప్రార్థనా మందిరాలు కూడా ఉంటాయి. ఒకరు పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తారు, మరొకరు ఎదిగి విశ్వసించినవారికే నీటిలో ముంచి ఇస్తారు. ఒకచోట ఆరాధన పుస్తకం చూసి నడుస్తుంది, మరొకచోట ఎవరి ప్రార్థన వారు గొంతెత్తి చేస్తారు. ఇన్ని తేడాలున్నా ఈ సంఘాలు చాలావరకు ఒకదానినొకటి క్రైస్తవ సంఘంగానే గుర్తిస్తాయి. అయితే క్రీస్తు పేరునే చెప్పే మరికొన్ని బృందాలను మాత్రం ఇవన్నీ కలిసి హద్దుకు అవతల ఉంచుతాయి. ఆ హద్దును ఎక్కడ గీస్తారు? ఏ ఆధారంతో గీస్తారు? ఈ పాఠంలో మనం చర్చించే ప్రశ్న ఇదే.

ఇది వేదాంత కళాశాలలకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. ఇంట్లో ఒకరు కొత్త కూడికకు వెళ్లడం మొదలుపెట్టి క్రమంగా చదువు, వైద్యం, బంధువులు అన్నిటినీ వదులుకుంటుంటే, ఆ కుటుంబానికి ఇది చాలా దగ్గరి ప్రశ్న. అలాగే ఎవరికీ హాని చేయని ఒక చిన్న బృందంపై 'కల్ట్' అనే ముద్ర పడితే, ఆ బృందంలోని పిల్లలకు కూడా ఇది దగ్గరి ప్రశ్నే. ముద్ర వేయకపోవడం వల్ల నష్టం జరగవచ్చు, తొందరపడి వేయడం వల్లా నష్టం జరగవచ్చు.

ఈ పాఠమంతటా ఒక విషయాన్ని గుర్తుంచుకోండి. "ఈ బోధ క్రైస్తవులు ఉమ్మడిగా అంగీకరించిన విశ్వాసానికి అనుగుణంగా ఉందా?" అనేది ఒక ప్రశ్న. "ఈ బృందం తన సభ్యులను ఎలా చూస్తోంది?" అనేది మరొక ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి జవాబుగా వాడుకోకూడదు. ఈ రెండింటినీ కలిపివేయడం వల్లనే ఈ విషయంలో ఎక్కువ గందరగోళం ఏర్పడుతున్నది.

మరొక మాట. ఈ పాఠం మతాధ్యయన పాఠం. క్రైస్తవులు ఎలా తీర్పు చెబుతారో ఇది వివరిస్తుంది. ఏ విశ్వాసం సత్యమో తేల్చడం దీని పని కాదు.

3. పదాల స్పష్టత

3.1 ఆర్థోడాక్స్ - హితబోధ: 'ఆర్థోడాక్స్' అనే గ్రీకు మూలపదానికి సరైన అభిప్రాయం, సరైన స్తుతి అనే అర్థాలున్నాయి. తెలుగు బైబిలు చదివేవారికి పౌలు పేరిట ఉన్న లేఖలలోని 'హితబోధ' అనే మాట పరిచితమే. ఈ పాఠంలో మనం ఆ మాటనే వాడుకుందాం. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రష్యన్ ఆర్థోడాక్స్, గ్రీకు ఆర్థోడాక్స్, కేరళలోని మలంకర ఆర్థోడాక్స్ అన్నప్పుడు ఆ మాట ఒక సంఘం పేరులో భాగం. హితబోధ అనే అర్థంలో వాడినప్పుడు కథోలికులు, ప్రొటెస్టంట్లు కూడా తమను తాము ఆర్థోడాక్స్ అనే చెప్పుకుంటారు.

3.2 దుర్బోధ: దీనికి గ్రీకులో వాడిన 'హైరెసిస్' అనే మాటకు మొదటి అర్థం ఎంపిక, దాని నుంచి వచ్చిన అర్థం పక్షం లేదా శాఖ. మొదట్లో అది నిందా పదం కాదు. అపొస్తలుల కార్యముల గ్రంథంలో పరిసయ్యులకు, సద్దూకయ్యులకు ఇదే పదం వాడారు. అదే గ్రంథం 24వ అధ్యాయంలో పౌలును నజరేయుల శాఖకు నాయకుడని అధిపతి ముందు నిందించారు. అంటే క్రైస్తవం కూడా ఒకప్పుడు ఇతరుల దృష్టిలో ఒక అనుమానాస్పద శాఖే. తరువాతి కాలంలో, సంఘంలో ఉంటూనే దాని మూల విశ్వాసాన్ని మార్చివేసే బోధకు ఈ పదం స్థిరపడింది. క్రైస్తవం బయటి మతాలను దుర్బోధ అనరు. హిందూ, బౌద్ధ మతాలు క్రైస్తవుల దృష్టిలో వేరే మతాలు మాత్రమే.

3.3 సంఘ శాఖ: మూల విశ్వాసంలో ఏకీభవిస్తూ పాలన, ఆరాధన, సంస్కారాల విషయంలో వేరుపడిన సంఘాలను శాఖలు అంటారు.

3.4 కల్ట్: లాటిన్ మూలంలో దీని అర్థం ఆరాధన. కథోలిక రచనల్లో పునీతుల పట్ల భక్తిని సూచించడానికి ఈ మాటను నేటికీ ఏ నిందా లేకుండా వాడతారు. 20వ శతాబ్దంలో దీనికి రెండు కొత్త అర్థాలు వచ్చాయి. వాల్టర్ మార్టిన్ 1965లో ప్రచురించిన 'ద కింగ్‌డమ్ ఆఫ్ ద కల్ట్స్' వంటి ఇవాంజెలికల్ రచనల్లో దీని అర్థం, క్రైస్తవమని చెప్పుకుంటూ మూల సిద్ధాంతాలను కాదనే బృందం. పత్రికల భాషలోనేమో ఒక నాయకుని గుప్పిట్లో ఉండి సభ్యులకు హాని చేసే బృందం. ఈ గందరగోళం వల్ల, ఇందులోని నిందార్థం వల్ల చాలామంది సామాజిక శాస్త్రవేత్తలు ఈ మాటను వదిలి 'నూతన మతోద్యమాలు' అంటున్నారు.

4. ఆదిమ సంఘం: సమస్య, మూడు ఆధారాలు

కొత్త నిబంధన గ్రంథాలు రాసిన నాటికే ఈ సమస్య ఉంది. పరలోకం నుంచి దేవదూత వచ్చి చెప్పినా సరే, మొదట అందిన సువార్తకు భిన్నమైనదాన్ని అంగీకరించవద్దని పౌలు గలతీయులకు రాశాడు. ప్రతి ఆత్మనూ నమ్మక పరీక్షించమనీ, యేసు శరీరధారియై వచ్చాడని ఒప్పుకోవడమే ఆ పరీక్ష అనీ యోహాను మొదటి లేఖ చెబుతుంది. బెరయ పట్టణస్థులు పౌలు చెప్పిన మాటలనే లేఖనాలతో సరిచూసుకున్నందుకు అపొస్తలుల కార్యముల గ్రంథం వారిని మెచ్చుకుంటుంది. బోధకుడు ఎంత గొప్పవాడైనా అతని మాటను పరీక్షించే హక్కు వినేవారికి ఉందన్న భావం ఇక్కడే కనిపిస్తుంది.

రెండో శతాబ్దంలో రెండు పెద్ద సవాళ్లు ఎదురయ్యాయి. మొదటిది మార్సియన్ బోధ. నల్ల సముద్ర తీరంలోని సినోపె నుంచి రోముకు వచ్చిన ఇతను, పాత నిబంధన దేవుడు వేరు, యేసు తండ్రి వేరు అని బోధించాడు. పాత నిబంధనను పూర్తిగా తోసిపుచ్చాడు. కత్తిరించిన లూకా సువార్తను, పౌలు లేఖల్లో పదింటిని మాత్రమే ఉంచుకున్నాడు. 144లో రోము సంఘం అతన్ని వెలివేసింది, అతను ఇచ్చిన పెద్ద విరాళాన్ని కూడా తిరిగి ఇచ్చివేసింది. రెండో సవాలు గ్నోస్టిక్కులది. భౌతిక ప్రపంచం చెడ్డదనీ, ఒక తక్కువ స్థాయి శక్తి దానిని సృష్టించిందనీ, కొద్దిమందికే అందిన రహస్య జ్ఞానం వల్ల విడుదల కలుగుతుందనీ వీరిలో అనేకులు బోధించారు.

వీరికి జవాబుగా లియోన్ నగర బిషప్ ఇరేనియస్ 180 ప్రాంతంలో పెద్ద గ్రంథం రాశాడు. అందులోని ఒక ఉపమానం నేటికీ ఉపయోగపడుతుంది. ఒక శిల్పి విలువైన రాళ్లు పొదిగి రాజు చిత్రం తయారుచేశాడు. మరొకడు ఆ రాళ్లనే ఊడదీసి నక్క బొమ్మగా పేర్చి, ఇదే రాజు చిత్రమని చెప్పాడు. రాళ్లు అసలైనవే, కానీ బొమ్మ రాజుది కాదు. దుర్బోధ కూడా లేఖనాల మాటలనే వాడుతుంది, వాటి అమరికను మారుస్తుంది. కాబట్టి ఒక బోధలో ఎన్ని వాక్యభాగాలు ఉన్నాయన్నది కాక, అవన్నీ కలిసి ఏ రూపం చూపుతున్నాయన్నది అసలు ప్రశ్న అని ఇరేనియస్ భావం.

ఈ సవాళ్లను ఎదుర్కొంటూ సంఘం మూడు ఆధారాలను స్థిరపరచుకుంది:

(అ) ప్రామాణిక గ్రంథాల జాబితా: ఏ గ్రంథాలు సంఘమంతటికీ ప్రమాణమో క్రమంగా తేలింది. నేటి కొత్త నిబంధనలోని 27 గ్రంథాల జాబితా సరిగ్గా అదే రూపంలో మనకు 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన లేఖలో కనిపిస్తుంది.

(ఆ) విశ్వాస నియమం: సృష్టికర్తయైన తండ్రి, జన్మించి, సిలువ పొంది, తిరిగి లేచిన కుమారుడు, పరిశుద్ధాత్మ అన్న క్రమంలో బాప్తిస్మ సమయంలో ఒప్పుకొనే సంక్షిప్త సారం ఇది. తరువాతి విశ్వాస ప్రమాణాలకు ఇదే మూలం.

(ఇ) అపొస్తలుల పరంపర: అపొస్తలులు స్థాపించిన సంఘాల్లో వరుసగా వచ్చిన పెద్దలు బహిరంగంగా ఏం బోధించారన్నది మూడో ఆధారం. 'మాకు మాత్రమే తెలిసిన రహస్యం' అన్న వాదనకు ఇది జవాబు.

ఈ మూడింటిలోనూ ఒక ఉమ్మడి లక్షణం ఉంది. గ్రంథం, ప్రమాణం, బోధ అన్నీ అందరి ముందూ ఉన్నవే. ఎవరైనా సరిచూసుకోవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
(i) ఇరేనియస్ రాజు చిత్రం ఉపమానం ద్వారా ఏం చెప్పదలచాడు?
(ii) మార్సియన్ బోధ ప్రామాణిక గ్రంథాల ప్రశ్నను ఎందుకు ముందుకు తెచ్చింది?

5. నైసియా నుంచి చాల్సెడన్ వరకు

నాలుగో శతాబ్దం ఆరంభంలో అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అయిన ఏరియస్, కుమారుడు మిగిలిన సృష్టికంటే ఎంతో ఉన్నతుడే అయినా తండ్రి చేత కలిగించబడినవాడనీ, ఆయన లేని స్థితి ఒకటుండేదనీ బోధించాడు. ఇది చిన్న తేడాగా కనిపించవచ్చు. కానీ క్రైస్తవులు క్రీస్తును ఆరాధిస్తున్నారు, ఆయన పేరట బాప్తిస్మం ఇస్తున్నారు. ఆయన సృష్టిలో భాగమైతే, ఆ ఆరాధన సృష్టిని పూజించడమే అవుతుంది. దేవుడే వచ్చి రక్షించాడన్న నమ్మకానికి ఆధారం పోతుంది. వాదం ఇంత తీవ్రం కావడానికి కారణం ఇదే.

325లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి నైసియాలో సమావేశపరచిన మహాసభ, కుమారుడు తండ్రితో ఒకే తత్త్వం గలవాడని ప్రకటించింది. ఇందుకు వాడిన 'హోమోఊసియోస్' అనే గ్రీకు పదం బైబిలులో లేదు. లేఖనాల మాటలన్నిటినీ ఏరియస్ పక్షం కూడా తమదైన అర్థంలో అంగీకరించగలిగింది కనుక, తప్పించుకోలేని స్పష్టత కోసం బయటి పదం అవసరమైందని అథనేసియస్ తరువాత సమర్థించాడు. 'ఈ మాట బైబిలులో ఉందా?' అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదని ఈ ఘట్టం చెబుతుంది.

సభతో వివాదం ముగియలేదు. తరువాతి దశాబ్దాలలో రాజాశ్రయం పలుమార్లు ఏరియస్ పక్షానికి దక్కింది. అథనేసియస్ ఐదుసార్లు ప్రవాసానికి వెళ్లవలసి వచ్చింది. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభతో గానీ నైసియా విశ్వాసం స్థిరపడలేదు. కాబట్టి ఆ కాలంలో ఎవరిది పెద్ద పక్షమో, ఎవరి వెనుక అధికారం ఉందో చూసి హితబోధను నిర్ణయించి ఉంటే, జవాబు ఏడాదికొకటిగా మారి ఉండేది. 451లో చాల్సెడన్ మహాసభ క్రీస్తులో సంపూర్ణ దైవత్వం, సంపూర్ణ మానవత్వం రెండూ ఒకే వ్యక్తిలో ఉన్నాయని నిర్వచించింది.

6. నేటి సిద్ధాంత ప్రమాణాలు

కథోలికులు లేఖనంతోపాటు సంప్రదాయాన్ని, సంఘ బోధనాధికారాన్ని ప్రమాణంగా తీసుకుంటారు. తూర్పు ఆర్థోడాక్స్ సంఘాలు తొలి ఏడు మహాసభలకు ప్రాధాన్యమిస్తాయి. ప్రొటెస్టంట్లు లేఖనాన్నే అంతిమ ప్రమాణంగా ఉంచి, విశ్వాస ప్రమాణాలను దానికి లోబడిన సాక్ష్యంగా చూస్తారు. మార్గాలు వేరైనా, ఆచరణలో అడిగే ప్రశ్నలు నాలుగు:

(1) దేవుడు, క్రీస్తు ఎవరు? త్రియేక దేవుడు, క్రీస్తు దైవత్వ మానవత్వాలు ఇక్కడ కీలకం. ప్రపంచ సంఘాల మండలి 1961లో మన న్యూఢిల్లీలో జరిగిన మూడో మహాసభలో తన సభ్యత్వ ఆధారాన్ని విస్తరించి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను, లేఖనాలను అందులో చేర్చింది.

(2) ప్రమాణ గ్రంథం ఏది? బైబిలుతో సమానమైన, లేదా దానిని సరిదిద్దే కొత్త గ్రంథం, కొత్త ప్రవక్త ఉన్నారా?

(3) రక్షణ ఎలా? క్రీస్తు ద్వారా కలిగే కృప వల్లనా, లేక ఈ ఒక్క సంస్థలో సభ్యత్వం వల్లనా?

(4) గత సంఘంతో సంబంధం ఏమిటి? అపొస్తలుల తరువాత సత్యం పూర్తిగా మాయమై, తమ స్థాపకునితోనే తిరిగి వచ్చిందని చెబుతున్నారా?

కొన్ని ఉదాహరణలు చూద్దాం. అమెరికాలో చార్లెస్ టేజ్ రస్సెల్ 1870ల్లో ఆరంభించిన బైబిలు అధ్యయన ఉద్యమం నుంచి వచ్చినవారు 1931లో యెహోవా సాక్షులు అనే పేరు తీసుకున్నారు. వీరు త్రిత్వాన్ని అంగీకరించరు. యేసును దేవుని తొలి సృష్టిగా భావిస్తారు. యోహాను సువార్త మొదటి వచనంలో వాక్యాన్ని సర్వోన్నత దేవునితో సమానం చేయకుండా వీరి అనువాదం తర్జుమా చేస్తుంది. మొదటి ప్రశ్న దగ్గరే ఇతర సంఘాలు వీరితో విభేదిస్తాయి. వీరు మాత్రం ఆదిమ క్రైస్తవాన్ని పునరుద్ధరించినది తామేనని నమ్ముతారు.

1830లో జోసెఫ్ స్మిత్ స్థాపించిన కడవరి దిన పరిశుద్ధుల సంఘం, అంటే మార్మన్లు, బైబిలుతోపాటు మార్మన్ గ్రంథం మొదలైనవాటిని లేఖనాలుగా స్వీకరిస్తారు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలను ముగ్గురు వేర్వేరు వ్యక్తులుగా భావించి, నైసియా నిర్వచనాన్ని అంగీకరించరు. ఈ తేడా ఆచరణలో ఎలా కనిపిస్తుందో చూడండి. ఒక లూథరన్ లేదా బాప్టిస్టు కథోలిక సంఘంలో చేరితే సాధారణంగా మళ్లీ బాప్తిస్మం ఇవ్వరు. కానీ మార్మన్ బాప్తిస్మం చెల్లదని వాటికన్ 2001లో ప్రకటించింది. ఉచ్చరించే మాటలు దాదాపు ఒకటే అయినా, వాటి వెనుక ఉన్న త్రిత్వ భావన వేరన్నది కారణం. ఇరేనియస్ రాళ్ల ఉపమానాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు.

కొన్ని సందర్భాల్లో హద్దు అంత స్పష్టంగా ఉండదు. పెంతెకొస్తు ఉద్యమంలో ఒక వర్గం, తండ్రి, కుమార, ఆత్మలు ఒకే దేవుని మూడు ప్రత్యక్షతలని నమ్మి, యేసు నామంలో మాత్రమే బాప్తిస్మం ఇస్తుంది. 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ త్రిత్వ విశ్వాసాన్ని స్పష్టం చేసినప్పుడు ఈ వర్గం బోధకులు బయటికి వెళ్లారు. ఆరాధనలో, భక్తిలో వీరు ఇతర పెంతెకొస్తులకు చాలా దగ్గర. త్రిత్వ ప్రశ్నలో మాత్రం దూరం. అందుకే వీరిని గురించి క్రైస్తవ పండితుల్లోనే ఏకాభిప్రాయం లేదు.

హద్దును దాటి లోపలికి వచ్చిన బృందాలూ ఉన్నాయి. హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ స్థాపించిన వరల్డ్‌వైడ్ చర్చ్ ఆఫ్ గాడ్ త్రిత్వాన్ని నిరాకరించేది, సబ్బాతు మొదలైన పాత నిబంధన ఆచారాలను తప్పనిసరి చేసేది. 1986లో ఆయన మరణించాక, తరువాతి నాయకత్వం తమ బోధను తామే తిరిగి పరిశీలించి త్రిత్వాన్ని అంగీకరించింది. చాలామంది సభ్యులు వెళ్లిపోయారు, ఆదాయం పడిపోయింది. 1997లో అమెరికాలోని నేషనల్ అసోసియేషన్ ఆఫ్ ఇవాంజెలికల్స్ ఆ సంఘాన్ని సభ్యత్వంలోకి తీసుకుంది. కాబట్టి 'దుర్బోధ' అనే తీర్పు బోధపై ఇచ్చేది, మనుషులపై శాశ్వతంగా వేసే ముద్ర కాదు.

6.1 అన్ని భేదాలూ దుర్బోధలు కావు: బాప్తిస్మ విధానం, సంఘ పాలన, ఆరాధన దినం, అన్యభాషల వరం, అంత్యకాల సంఘటనల క్రమం వంటి విషయాల్లో హితబోధ గల సంఘాలే తమలో తాము విభేదిస్తాయి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు ఏకమయ్యాయి. బిషపులున్నవారు, బిషపులు వద్దన్నవారు ఒకే సంఘంలో కలవగలిగారు. అపొస్తలుల, నైసియా విశ్వాస ప్రమాణాలు వారికి ఉమ్మడి పునాది అయ్యాయి. ఆరాధనలో ప్రమాణాన్ని పఠించని బాప్టిస్టుల వంటి సంఘాలు కూడా అదే త్రిత్వ విశ్వాసాన్ని బోధిస్తాయి.

6.2 అద్భుతాలు ప్రమాణం కావు: 'అక్కడ స్వస్థతలు జరుగుతున్నాయి, కాబట్టి బోధ నిజమే' అన్న మాట తరచుగా వినిపిస్తుంది. క్రైస్తవ లేఖనాలు ఈ వాదాన్ని ఒప్పుకోవు. ప్రవక్త చెప్పిన సూచన నిజమైనా, అతను ఇతర దేవతల వైపు నడిపిస్తే వినవద్దని ద్వితీయోపదేశకాండం 13వ అధ్యాయం చెబుతుంది. తన పేరట అద్భుతాలు చేసినవారిలో కొందరిని తాను ఎరుగనని యేసు చెప్పినట్లు మత్తయి సువార్త 7వ అధ్యాయంలో ఉంది. ఫలాలను బట్టి తెలుసుకోమన్న మాట కూడా ఆ అధ్యాయంలోనిదే. అది మనల్ని రెండో కొలత దగ్గరికి తీసుకువెళ్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
(i) సిద్ధాంతాన్ని పరిశీలించే నాలుగు ప్రశ్నలేవి?
(ii) మార్మన్ బాప్తిస్మాన్ని కథోలిక సంఘం ఎందుకు అంగీకరించదు?

7. రెండో కొలత: నడవడి

జిమ్ జోన్స్ 1950ల్లో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో పీపుల్స్ టెంపుల్ అనే సంఘాన్ని ప్రారంభించాడు. నల్లజాతివారిని, తెల్లజాతివారిని ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, పేదలకు భోజనం పెట్టి మంచి పేరు తెచ్చుకున్నాడు. ఈ సంఘం 'డిసైపుల్స్ ఆఫ్ క్రైస్ట్' అనే గౌరవనీయమైన ప్రొటెస్టంట్ శాఖలో సభ్య సంఘం. జోన్స్ ఆ శాఖలో అభిషేకం పొందిన బోధకుడు. తరువాత కాలిఫోర్నియాకు, అక్కడి నుంచి దక్షిణ అమెరికాలోని గయానా అడవుల్లోకి తన అనుచరులను తరలించాడు. సభ్యుల ఆస్తులు సంఘానికి రాయించుకున్నాడు. అందరి ముందూ అవమానించడం, కొట్టడం, నిద్ర లేకుండా చేయడం, బయటికి వెళ్లనివ్వకపోవడం మామూలైంది. 1978 నవంబరు 18న, విచారణకు వచ్చిన అమెరికా కాంగ్రెస్ సభ్యుడు లియో ర్యాన్‌ను విమానాల రేవు దగ్గర కాల్చి చంపారు. అదే రోజు 900 మందికి పైగా సైనైడ్ విషంతో మరణించారు. వారిలో సుమారు మూడోవంతు పిల్లలు. దీనిని సామూహిక ఆత్మహత్య అనడం అలవాటైంది. కానీ పిల్లలకు ఇష్టపడి చనిపోయే ప్రశ్నే లేదు. కాపలా మధ్య ఉన్న పెద్దలకు కూడా నిజమైన స్వేచ్ఛ లేదు.

చివరి దశలో జోన్స్ బైబిలునే బహిరంగంగా ఎగతాళి చేశాడు, తనను తాను దైవంగా చెప్పుకున్నాడు. అంటే సిద్ధాంత ప్రమాణంతో చూసినా ఆ బోధ క్రైస్తవ హద్దును ఎప్పుడో దాటింది. అయినా గోడ మీద శాఖ పేరు అలాగే ఉంది. దీని నుంచి తెలిసేది ఏమిటంటే, గుర్తింపు పొందిన శాఖ పేరు ఏ బృందానికీ హామీపత్రం కాదు. బోధనూ, నడవడినీ రెండింటినీ మళ్లీ మళ్లీ చూస్తూ ఉండాలి.

నడవడి విషయంలో మానసిక వైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ 1961లో ప్రచురించిన అధ్యయనం తరువాతి పరిశోధకులకు ఆధారమైంది. చైనాలో 'ఆలోచనా సంస్కరణ'కు గురైనవారితో మాట్లాడి ఆయన ఎనిమిది లక్షణాలు గుర్తించాడు. బయటి సమాచారాన్ని అదుపు చేయడం, రహస్య పాపాలను ఒప్పించి ఆ ఒప్పుకోలునే ఆయుధం చేసుకోవడం, ఆలోచనను ఆపివేసే పడికట్టు మాటలు, మనిషి స్వానుభవం కంటే సిద్ధాంతమే నిజమనడం వాటిలో కొన్ని. వీటి ఆధారంగా ఆచరణలో ఇలా అడగవచ్చు:

- నాయకుణ్ణి ప్రశ్నించగల, తొలగించగల వ్యవస్థ ఏదైనా ఉందా?
- కానుకల, ఆస్తుల లెక్కలు సభ్యులకు చూపిస్తారా?
- కుటుంబంతో, పాత స్నేహితులతో సంబంధం తెంచుకొమ్మంటారా?
- మందులు మానడమే విశ్వాసానికి గుర్తని చెబుతారా?
- పిల్లల చదువు, పెళ్లి, ఉద్యోగం నాయకుని అనుమతిపై ఆధారపడి ఉన్నాయా?
- భయం లేకుండా బయటికి వెళ్లిపోవచ్చా? వెళ్లినవారి గురించి ఎలా మాట్లాడతారు?

ఒక్క లక్షణం కనిపించగానే తీర్పు చెప్పకూడదు. ఉపవాసం, కఠిన నియమాలు, సన్యాస జీవితం దాదాపు అన్ని మతాల్లోనూ ఉన్నాయి. ఒక కథోలిక మఠంలో చేరే వ్యక్తికి శాశ్వత ప్రమాణానికి ముందు కొన్నేళ్ల పరిశీలన కాలం ఉంటుంది, ఆ కాలంలో వెళ్లిపోయే స్వేచ్ఛ ఉంటుంది, మఠంపై అధికారికి పై అధికారి ఉంటాడు. నియమాల కఠినత్వం కంటే ఈ రక్షణలు ఉన్నాయా లేవా అన్నది ముఖ్యం.

రెండు కొలతలనూ కలిపి చూస్తే నాలుగు స్థితులు వస్తాయి. హితబోధ ఉండి నడవడి బాగున్న సంఘాలు ఉంటాయి. బోధ భిన్నమైనా సభ్యులను గౌరవంగా చూసే బృందాలు ఉంటాయి. రెండూ చెడిన బృందాలు ఉంటాయి. నాలుగోదాన్ని మనం తరచుగా మరచిపోతాం: విశ్వాస ప్రమాణాన్ని అక్షరం తప్పకుండా చెబుతూనే సభ్యులను భయంలో ఉంచే సంఘం. బోధ సరైనదే కాబట్టి అనుమానించనక్కరలేదని అనుకోవడం వల్ల ఇక్కడ బాధితులు ఎక్కువ కాలం మౌనంగా ఉండిపోతారు.

8. తీర్పులు హద్దు మీరినప్పుడు

సంఘం ఇచ్చిన తీర్పులు ఎప్పుడూ న్యాయంగా ఉన్నాయని చెప్పలేం. 385 ప్రాంతంలో స్పెయిన్‌కు చెందిన బిషప్ ప్రిసిలియన్‌కు, దుర్బోధ ఆరోపణల నేపథ్యంలో, ట్రియర్ నగరంలో రాజశాసనం ప్రకారం మరణశిక్ష అమలు చేశారు. మార్టిన్, ఆంబ్రోస్ అనే ప్రముఖ బిషపులు అతని బోధను సమర్థించకపోయినా, రాజ్యం ఖడ్గంతో దుర్బోధను శిక్షించడాన్ని తీవ్రంగా వ్యతిరేకించారు. మధ్యయుగాల్లో ఆ వ్యతిరేకతను చాలామంది మరచిపోయారు.

రెండో ఉదాహరణ మనకు మరింత దగ్గరిది. చాల్సెడన్ నిర్వచనాన్ని అంగీకరించని సిరియన్, కాప్టిక్, అర్మేనియన్ సంఘాలను ఇతర క్రైస్తవులు సుమారు 1500 ఏళ్లు దుర్బోధకులుగా చూశారు. కేరళలోని సిరియన్ ఆర్థోడాక్స్ క్రైస్తవులు ఈ కుటుంబానికి చెందినవారే. 1984లో పోప్ రెండో జాన్ పాల్, సిరియన్ ఆర్థోడాక్స్ పేట్రియార్కు మొదటి జక్కా ఇవాస్ కలిసి చేసిన ప్రకటనలో, నాటి విభేదాలు ప్రధానంగా పరిభాషలోనివి, సంస్కృతిలోనివి తప్ప క్రీస్తును గురించిన విశ్వాస సారంలోనివి కావని ఒప్పుకున్నారు. ఎదుటివారి మాటను వారి భాషలో, వారి అర్థంలో వినకపోతే ఎంత కాలం నష్టం జరుగుతుందో ఇది చూపుతుంది.

మూడోది మన సుప్రీంకోర్టు తీర్పు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలను పాఠశాల నుంచి బహిష్కరించారు. జాతీయగీతం పాడేటప్పుడు వారు గౌరవంగా లేచి నిలబడేవారు. తమ విశ్వాసం ప్రకారం పాడేవారు మాత్రం కారు. 1986లో తెలుగువారైన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి, జస్టిస్ ఎం.ఎం. దత్‌ల ధర్మాసనం ఆ బహిష్కరణను కొట్టివేసింది. ఒక నమ్మకం మన తర్కానికి నచ్చుతుందా లేదా అన్నది కాక, అది నిజాయితీగా నమ్మినదా అన్నదే చూడాలని స్పష్టం చేసింది. రాజ్యాంగంలోని 25వ అధికరణం అంతరాత్మ స్వేచ్ఛను ఇస్తూనే, దానిని ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యం అనే పరిమితులకు లోబరచింది.

ఈ తీర్పును మన రెండు ప్రశ్నలతో కలిపి చూడండి. యెహోవా సాక్షుల బోధ హితబోధ కాదని చెప్పే హక్కు ఇతర సంఘాలకు ఉంది. తమ వేదిక మీద, తమ సభ్యత్వ నియమాల్లో ఆ హద్దును వారు గీసుకోవచ్చు. కానీ ఆ తీర్పు ఆధారంగా ఆ పిల్లల బడి మాన్పించే హక్కు ఎవరికీ లేదు. బోధను తూచడం సంఘం పని. హానికరమైన నడవడిని ఆపడం చట్టం పని. ఆ నడవడి హితబోధ గల సంఘంలో కనిపించినా చట్టం తన పని చేయవలసిందే.

9. ఒక బృందాన్ని అధ్యయనం చేసే పద్ధతి

క్షేత్ర పరిశీలన వ్యాసం రాసే విద్యార్థులు ఈ క్రమం పాటించండి.

మొదట, ఆ బృందం తన గురించి తాను ప్రచురించిన పుస్తకాలు, కరపత్రాలు చదవండి. విమర్శకుల రచనలతో మొదలుపెట్టవద్దు. రెండు, వారు వాడే 'కృప', 'రక్షణ', 'దేవుని కుమారుడు' వంటి మాటలకు వారి అర్థం ఏమిటో అడగండి. మూడు, 6వ విభాగంలోని నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. నాలుగు, వేరే కాగితం మీద 7వ విభాగంలోని ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. ఐదు, ప్రస్తుత సభ్యులతోనూ, బయటికి వచ్చినవారితోనూ మాట్లాడండి. మొదటివారు లోపాలు దాచవచ్చు, రెండోవారు బాధతో మంచిని మరచిపోవచ్చు. చివరగా, ఆ బృందం సభ్యుడొకరు మీ వర్ణన చదివితే 'మేం నమ్మేది ఇదే' అని ఒప్పుకుంటారా అని చూసుకోండి. విమర్శ ఆ తరువాతే. ఎక్కడైనా పిల్లలకు, రోగులకు ప్రమాదం కనిపిస్తే వ్యాసం పూర్తయ్యేదాకా ఆగవద్దు, మీ అధ్యయన కేంద్రం కౌన్సిలర్‌కు, అవసరమైతే అధికారులకు వెంటనే తెలియజేయండి.

10. సారాంశం

క్రైస్తవ సంఘం తన విశ్వాసానికి హద్దులను ప్రామాణిక గ్రంథాలు, విశ్వాస నియమం, అపొస్తలుల పరంపర అనే మూడు ఆధారాలతో ఏర్పరచుకుంది. 325 నుంచి 451 వరకు జరిగిన మహాసభలు త్రిత్వం, క్రీస్తు స్వభావం గురించిన నిర్వచనాలను ఇచ్చాయి. నేటికీ వివిధ శాఖలు ఈ పునాది మీదనే ఒకదానినొకటి గుర్తిస్తాయి, దీనిని కాదనే బోధను దుర్బోధ అంటాయి. ఒక బృందం హానికరమా కాదా అన్నది వేరే పరీక్ష. నాయకుని జవాబుదారీతనం, లెక్కలు, కుటుంబ సంబంధాలు, వైద్యం, బయటికి వెళ్లే స్వేచ్ఛ ఆ పరీక్షలోని అంశాలు. పీపుల్స్ టెంపుల్ ఉదంతం రెండో పరీక్షను మరచిపోవడంలోని ప్రమాదాన్ని, కేరళ పిల్లల కేసు మొదటి పరీక్షను అతిగా వాడడంలోని ప్రమాదాన్ని చూపుతాయి.

11. కీలక పదాలు

హితబోధ: సంఘం ఉమ్మడిగా అంగీకరించిన మూల విశ్వాసానికి అనుగుణమైన బోధ.
దుర్బోధ: క్రైస్తవమని చెప్పుకుంటూ మూల విశ్వాసాన్ని మార్చే బోధ.
విశ్వాస ప్రమాణం: మూల విశ్వాసాన్ని సంక్షిప్తంగా ఒప్పుకొనే పాఠం.
త్రిత్వం: తండ్రి, కుమార, పరిశుద్ధాత్మలు ముగ్గురూ ఒకే దేవుడన్న సిద్ధాంతం.
నూతన మతోద్యమం: 'కల్ట్' అనే మాటకు బదులుగా సామాజిక శాస్త్రవేత్తలు వాడే తటస్థ పదం.

12. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఆదిమ సంఘం దుర్బోధను ఎదుర్కోవడానికి ఏర్పరచుకున్న ఆధారాలను వివరించండి.
2. బోధ ప్రమాణం, నడవడి ప్రమాణం వేర్వేరని పీపుల్స్ టెంపుల్, యెహోవా సాక్షుల ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. 'కల్ట్' అనే పదానికి గల వివిధ అర్థాలు.
2. నైసియా మహాసభ బైబిలులో లేని పదాన్ని ఎందుకు వాడింది?
3. 1984 ఉమ్మడి ప్రకటన ప్రాముఖ్యం.
4. వరల్డ్‌వైడ్ చర్చ్ ఆఫ్ గాడ్‌లో వచ్చిన మార్పు.